నొక్కకముందే పడ్డ ఫోటోలు

జూన్ 2, సోమవారం

ఇవాళ డబ్బా నిండా పాత కెమెరాలు వచ్చాయి. పదకొండు. ఎనిమిది చచ్చినవి, రెండు చావబోతున్నవి, ఒకటి మాత్రం సెల్స్ వేయగానే కళ్ళు తెరిచింది. వెండి రంగు కాంపాక్ట్. పది మెగాపిక్సెల్, మూడింతల జూమ్, రెండు పెన్సిల్ సెల్స్. పదిహేనేళ్ళ కిందట మొదటి జీతంతో కొనుక్కునే రకం. ఇప్పుడు కాలేజీ పిల్లలు వీటికోసం ఎగబడుతున్నారు. ఫోన్లో ఫోటోలు మరీ బాగా వస్తున్నాయట. బాగా రావడం కూడా కంప్లైంట్ అయిపోయింది.

ఓనర్ నన్ను డాక్టర్ గారూ అని పిలుస్తాడు. పాత కెమెరా నాడి పట్టుకుని అది ఎన్నాళ్ళు బతుకుతుందో రాసిచ్చేది నేనే కదా. ఇరవై రెండేళ్ళుగా ఈ షాపులోనే. ముందు రిపేర్లు చేసేవాణ్ణి, ఇప్పుడు తీర్పులు చెబుతున్నాను. రిపోర్ట్ కాగితం మీద గడులుంటాయి. బాడీ, లెన్స్, స్క్రీన్, ఫ్లాష్, షటర్ ల్యాగ్, ఎవరికి పనికొస్తుంది. చివర గ్రేడ్.

ఇవాళ రాసింది ఇది. బాడీ మీద గీతలు, ఒక మూల సొట్ట. లెన్స్ శుభ్రం. ఎండలో ఫోటో బాగుంది, గదిలో తీస్తే ఇసక చల్లినట్టుంది. వెలుతురు తక్కువైతే ఫోకస్ కోసం ముందువైపు చిన్న నారింజ దీపం వెలుగుతుంది. లోపలి బటన్ బ్యాటరీ చచ్చింది కాబట్టి సెల్స్ తీస్తే తేదీ మర్చిపోతుంది, మళ్ళీ అడుగుతుంది. ఇంకో రోగం, ఆపి ఆన్ చేసినప్పుడల్లా ఫ్లాష్ ఆటోలోకి పోతుంది, వెలుతురు చాలకపోతే దానంతటదే కొట్టేస్తుంది. మనం వద్దన్న సంగతి దానికి గుర్తుండదు. సరదాగా తీసుకునేవాళ్ళకి పర్వాలేదు. గుడ్డి కన్నా మెల్ల నయం.

తేదీ అడిగింది. పెట్టాను.

సాయంత్రం ఓనర్ అరిచాడు. రిపోర్టుల మీద మళ్ళీ నిరుటి సంవత్సరం వేశానట. ఈ ఆర్నెల్లలో ఇది ఎన్నోసారో లెక్కే లేదు డాక్టర్ గారూ అన్నాడు. ఏం చేయను, చెయ్యి దానంతటదే రాసేస్తుంది. మా ఆవిడ ఉన్న సంవత్సరం అది.


జూన్ 3, మంగళవారం

షటర్ ల్యాగ్ చూడటం చాలా తేలిక. కంప్యూటర్ తెర మీద స్టాప్‌వాచ్ నడుస్తుంటుంది. సరిగ్గా పది సెకన్లు కాగానే బటన్ నొక్కాలి. ఫోటోలో పదిన్నర కనిపిస్తే కెమెరా అర సెకను ఆలస్యం. ఏ కెమెరా అయినా కాస్త ఆలస్యమే, పాతవైతే మరీను.

దీని ఫోటోలో తొమ్మిది ఉంది.

నా వేలే తొందరపడిందనుకున్నాను. మళ్ళీ పదికే నొక్కాను. ఏడు. మళ్ళీ నొక్కాను. రెండు. నాలుగోసారి తీసిన ఫోటోలో స్టాప్‌వాచ్ సున్నా దగ్గరే ఉంది. నేను ఇంకా మొదలుపెట్టలేదు.

ఓనర్‌కి చూపించాను. డాక్టర్‌కే డాక్టర్ కావాలి అని నవ్వి వెళ్ళిపోయాడు. ల్యాగ్ గడిలో ఏమీ రాయలేదు. మైనస్ రాసే చోటు కాదది.


జూన్ 4, బుధవారం

పని చేసుకుంటుంటే కంటి మూల నారింజ చుక్క ఒకటి మెరిసింది. తిరిగి చూస్తే ఏమీ లేదు. కళ్ళజోడు మార్చాలి.


జూన్ 6, శుక్రవారం

ఇవాళ కుర్చీలోంచి లేచి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, నా బెంచినీ ఖాళీ కుర్చీనీ ఒక ఫోటో తీశాను. మామూలు టెస్ట్ ఫోటో, రోజుకి పది తీస్తాను అలాంటివి.

ఫోటోలో కుర్చీ ఖాళీగా లేదు. నేను కూర్చుని ఉన్నాను. బుధవారం వేసుకున్న నీలం చొక్కా. నడినెత్తిన జుట్టు ఎంత పోయిందో ఎవరూ చెప్పలేదు నాకు. ముఖం ఇటు తిప్పి, కళ్ళు చికిలించి, నేరుగా లెన్స్‌లోకి చూస్తున్నాను.

బుధవారం నేను చూసింది దీని దీపాన్నే.

భయమేసిందా అంటే వేసింది. నీళ్ళు తాగి, కెమెరా ఆఫ్ చేసి, డ్రాయర్లో పెట్టాను. ఐదు నిమిషాలకి తీసి సంచిలో వేసుకున్నాను.


జూన్ 8, ఆదివారం

రూల్ ప్రకారం ప్రతి కెమెరానీ రెండు రోజులు ఇంట్లో వాడి చూడాలి. బెంచి మీద బుద్ధిగా ఉన్నది ఇంట్లో మొండికేయవచ్చు. మనుషులూ అంతేగా.

ముందుగదిలో తలుపు దగ్గర నిలబడి ఒకటి తీశాను. కిటికీ, కిటికీ కింద ఖాళీ స్థలం, గోడ మీద కేలెండర్. గోడ మీద జూన్ ఉంది. ఫోటోలో ఏప్రిల్ ఉంది.

ఆ ఖాళీ స్థలం గురించి రాయక తప్పదు. నిరుడు ఫిబ్రవరి నుంచీ అక్కడ మంచం ఉండేది. తల వైపు పైకి లేచే అద్దె మంచం. ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు. కోలుకుంటోంది అన్నాడు డాక్టర్, అసలు డాక్టర్. జూన్లో గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది కూడా. ఆ నెలలోనే మంచం దిగబోయి పడింది. తుంటి విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం, ఎనిమిదో రోజు పోయింది. జబ్బు వల్ల కాదు, పడటం వల్ల పోయింది. మంచం వాళ్ళు మర్నాడే వచ్చి మంచం పట్టుకుపోయారు.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. ఇరవై నాలుగున వస్తానంది. అమ్మ పడి ఆ రోజుకి ఏడాది, నువ్వొక్కడివే ఉండొద్దు నాన్నా అంది. తర్వాత ఎప్పుడూ అడిగేదే అడిగింది. ఆ కార్డు బాగైందా?

ఆవిడకి ఫోటో అంటే చిరాకు. తెల్లజుట్టు వచ్చాక అసలు తీయనిచ్చేది కాదు. అమ్మాయి బతిమాలి బతిమాలి ఒక మధ్యాహ్నం నలభై దాకా తీసింది, అన్నీ ఒకే మెమరీ కార్డులో. ఆవిడ పోయిన నెలకి కాపీ చేద్దామని ఆ కార్డు షాపుకి తీసుకెళ్ళాను. బెంచి మీద పెట్టాను. ఎవరి కార్డు వచ్చినా లోపల చూడకుండా ముందు ఫార్మాట్ చేసేయడం మా పద్ధతి, జనం ఫోటోలు మనం చూడకూడదని. చేతికి అదొక్కటే తెలుసు, కార్డుని ఓ కెమెరాలో వేసింది. అన్నీ చెరిపేయమంటారా అని అడిగింది. అవును అని నొక్కాను. అంతటితో ఆగలేదు, దాని మీద గోడలూ మెట్లూ ఓ రెండు వందలు టెస్ట్ ఫోటోలు తీశాను, కార్డు నిండేదాకా. అప్పుడు గుర్తొచ్చింది.

కార్డు పాడైంది, తెలిసినవాడొకడు బాగుచేస్తున్నాడు అని అమ్మాయికి చెప్పాను. లేని మనిషి పది నెలలుగా బాగుచేస్తూనే ఉన్నాడు. తెల్లజుట్టుతో ఒక్క ఫోటో చాలు నాన్నా, పెద్దది చేయించి మా ఇంట్లో పెట్టుకుంటాను అంది ఇవాళ. వస్తుందిలే అన్నాను. సిగ్గు లేదు నాకు.


జూన్ 10, మంగళవారం

ముందుగది. అదే చోటు నుంచి. ఫోటోలో నిరుటి కేలెండర్, డిసెంబర్ కాగితం.

వెనక్కి నడుస్తోంది. ఎక్కడిదాకా నడుస్తుంది?


జూన్ 11, బుధవారం

నిద్ర లేదు. షాపులో రెండు లెన్సులు తిరగేసి బిగించాను. ఓనర్ ఏమీ అనలేదు. అనకపోతే ఇంకా భయం.


జూన్ 13, శుక్రవారం, ఉదయం 7

తీశాను.

కెమెరా చేతిలోంచి జారింది, మణికట్టుకున్న తాడు ఆపింది. మంచం ఉంది. మంచం మీద ఆవిడ ఉంది.

కిటికీ వైపు తిరిగి పడుకుంది. బూడిద రంగు శాలువా. ఎప్పటిలాగే ఒక పాదం దుప్పటి బయట పెట్టింది. జుట్టు ముఖం మీద పడి సగమే కనిపిస్తోంది. తల దగ్గర స్టూలు, స్టూలు మీద నేను మూత సరిగా పెట్టని మంచినీళ్ళ సీసా. మూత సరిగా పెట్టండి అని ఎన్నిసార్లు చెప్పిందో.

తలుపు దగ్గరే కింద కూర్చుని ఏడ్చాను. అరవై దాటినవాడు ఏడిస్తే చప్పుడు వేరేగా ఉంటుంది, పై ఇంటి టీచరమ్మ వచ్చి తలుపు కొట్టింది. జలుబు అని చెప్పాను.


జూన్ 14, శనివారం

కంగారు తగ్గాక బుర్ర పనిచేసింది. నిన్నటి ఫోటోని కంప్యూటర్లో పెద్దది చేశాను. ఆవిడ రోజూ రాత్రి మందు వేసుకున్నాక కేలెండర్ మీద ఆ రోజుని ఎర్ర పెన్నుతో కొట్టేసేది. ఫోటోలో జూన్ పన్నెండు దాకా కొట్టేసి ఉంది. అంటే అది నిరుడు జూన్ పదమూడు పొద్దున. సరిగ్గా ఏడాది.

కెమెరా మెనూలోకి వెళ్ళి తేదీ చూశాను. రోజు సరిగానే ఉంది, నెల సరిగానే ఉంది. సంవత్సరం నిరుటిది. రెండో తారీఖున నేనే పెట్టాను. ఓనర్ ఎందుకు అరుస్తాడో ఆ తప్పే దీనిలోనూ చేశాను. కాగితం అయితే ఓనర్ కొట్టేసి దిద్దుతాడు. ఇది నా మాట నమ్మింది. నేను చెప్పిన రోజుకి చేరుకోవడానికి పదకొండు రోజులు నడిచింది.

సెల్స్ తీయకూడదు. తీస్తే తేదీ పోతుంది, మళ్ళీ మొదటి నుంచీ నడవాలి. అది చేరేసరికి నిరుడు ఆవిడ ఆసుపత్రిలో ఉంటుంది. బ్యాటరీ గుర్తులో మూడు గీతలకి రెండు ఉన్నాయి. ఇవాళ తీయలేదు, పొదుపు.


జూన్ 15, ఆదివారం

రెండు తీశాను. మొదటిదానిలో మంచం మీద కూర్చుని ఉంది, జుట్టు ముడి వేసుకుంటూ, పక్కకి. రెండో దానిలో తల తిప్పి నా వైపు చూస్తోంది. కనుబొమలు ముడేసి. తలుపు తీసుకుని ఎవరొచ్చారా అన్నట్టు. కదిలింది, ఫోటో అలుక్కుపోయింది. అమ్మాయికి ఇవ్వడానికి పనికిరాదు.

మొదటిది తీసేముందు స్క్రీన్ మీద ఫ్లాష్ ఆటోలో ఉండటం చూశాను. ఆఫ్ చేసి తీశాను. జబ్బు మనిషి కళ్ళలోకి ఫ్లాష్ కొట్టడమేమిటి.

ఓనర్ ఫోన్. ఆ వెండి కెమెరాకి బేరం కుదిరిందట, ఎవరో కాలేజీ అమ్మాయి. రిపోర్ట్ ఎప్పుడిస్తారు అన్నాడు. ఇంట్లో టెస్టింగ్ నడుస్తోంది అన్నాను. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది మీ టెస్టింగ్ అన్నాడు.


జూన్ 18, బుధవారం

ఇవాళ్టి ఫోటోలో నేనూ ఉన్నాను. ముఖం లేదు, మోచెయ్యి, మందు గ్లాసు పట్టుకున్న చెయ్యి. ఆవిడ ఆ గ్లాసు తీసుకోవట్లేదు. నా వైపు చూస్తోంది. అంటే, తలుపు దగ్గరున్న నా వైపు. వేలు కూడా ఎత్తి చూపిస్తోంది.

ఆ చెయ్యి ఎక్కడో చూసినట్టు అనిపించింది. నాదే కదా, చూడకుండా ఎలా ఉంటాను. అది కాదు. ఆ వేలు చూపడం గుర్తొచ్చింది.

నిరుటి డైరీ బయటికి తీశాను. ఏడాదిగా ముట్టుకోలేదు. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

జూన్ 13. నిద్రలో కనురెప్పల మీద నారింజ వెలుగు పడిందంటోంది. కల అన్నాను.

జూన్ 15. తలుపు దగ్గర దీపం వెలిగి ఆరింది అంటోంది. రెండుసార్లట. మందులు పడట్లేదేమో, డాక్టర్‌ని అడగాలి.

జూన్ 18. దీపం వెనక మనిషి ఉన్నాడని వేలు పెట్టి చూపించింది. కసురుకున్నాను. మందు ఒలికింది.

పద్నాలుగునా, పదహారునా, పదిహేడునా దీపం మాట లేదు. ఆ మూడు రోజులూ నేను ఫోటో తీయలేదు.

అక్కడితో డైరీ మూసేశాను. తర్వాత పేజీల్లో ఏముందో నాకు తెలుసు.


జూన్ 19, గురువారం

తెలుసు అనుకున్నాను. ఇవాళ చదివాను.

జూన్ 22. దువ్వెన అడిగింది. అద్దం అడిగింది. ఎవరి కోసమే ఈ సింగారం అంటే ఫోటోలాయన వచ్చాడు అంది. తలుపు వైపు చూసి నవ్వుతోంది. పాపం ఏడుస్తున్నాడండీ, లోపలికొచ్చి కూర్చోమనండి అంది. నాకు ఒళ్ళు మండింది. అక్కడ ఎవరూ లేరు, పడుకో అన్నాను.

జూన్ 24. సాయంత్రం ఆరు దాటింది. నేను వంటింట్లో ఉన్నాను. మెరుపు అని అరిచింది. వెళ్ళేసరికి కింద పడి ఉంది. కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని. బయట వాన లేదు, మబ్బు కూడా లేదు.

డాక్టర్ అప్పుడు లేవగానే బీపీ పడిపోయి కళ్ళు మిరుమిట్లు గొలిపి ఉంటాయన్నాడు. నేనూ తల ఊపాను. చదువుకున్నవాడు చెబితే ఊపుతాం.

చీకటి పడే వేళ ఆ గదిలో మెరుపు మెరిపించగల వస్తువు ఒక్కటే. ఇప్పుడు నా చొక్కా జేబులో ఉంది.


జూన్ 20, శుక్రవారం

నేను తీయను. తీయకపోతే మెరవదు. మెరవకపోతే పడదు.


జూన్ 22, ఆదివారం

ఒక గీతే మిగిలింది. ఇవాళ తీయాలా వద్దా అని పొద్దున్నుంచీ కొట్టుకున్నాను. ఆవిడ నవ్విందని రాసి ఉంది కదా. ఆ నవ్వు ఎందుకు మానిపించాలి? ఫ్లాష్ ఆఫ్ చేశాను. మూడుసార్లు చూసుకున్నాను. అయినా నమ్మకం చాలక ఫ్లాష్ మీద నల్ల టేపు అంటించాను.

ఏడవకూడదు అని గట్టిగా అనుకున్నాను. ఏడుస్తున్నాడండీ అని ఆవిడ ఎవరి గురించి అందో తెలిసిపోయింది కదా. తెలిసాక ఆగడం ఇంకా కష్టమైంది. కళ్ళజోడు మసకబారి స్క్రీన్ కనిపించలేదు. అంచనాగా నొక్కాను.

వచ్చింది.

మంచం మీద నిటారుగా కూర్చుంది. జుట్టు పాపిడి తీసి దువ్వుకుంది, తెల్లగా, నున్నగా. శాలువా భుజాల మీద సర్దుకుంది. నేరుగా నా కళ్ళలోకి చూసి నవ్వుతోంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నేను తీసిన ఏ ఫోటోలోనూ అలా చూడలేదు. ఇసక చల్లినట్టే ఉంది ఫోటో, పది మెగాపిక్సెలే, మూల కొంచెం చీకటి. ఇంతకంటే మంచి ఫోటో నా సర్వీసులో చూడలేదు.

నాకు కూర్చోవాలని ఉంది. కూర్చోమంది కదా. తలుపు దగ్గరే చాలాసేపు నిలబడ్డాను.

ప్రింటు తీయించాను. రెండు కాపీలు.


జూన్ 23, సోమవారం

బ్యాటరీ గుర్తు ఎర్రగా కొట్టుకుంటోంది. ఒక్క ఫోటో వస్తే ఎక్కువ.

ఆ ఒక్కటీ ఎప్పుడు తీయాలో నాకు తెలుసు. ఇరవై ఐదు పొద్దున. రేపు సాయంత్రం ఎవరూ బటన్ నొక్కకపోతే ఆవిడ పడదు. పడకపోతే ఇరవై ఐదున మంచం మీదే ఉంటుంది. ఆ ఒక్క ఫోటోలో ఆవిడ కనిపిస్తే చాలు. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. వంటింట్లోంచి దగ్గు వినిపిస్తుందేమో. మూత సరిగా పెట్టండి అంటుందేమో. పిచ్చి అని తెలుసు. పిచ్చివాడి డైరీ ఎవరు చదవొచ్చారు.

అన్నిటికంటే క్షేమం ఏమిటంటే ఇప్పుడే సెల్స్ తీసేయడం. తీస్తే ఇరవై ఐదున చూడలేను. ఆవిడ బతికిందో లేదో చూడకుండా నేనెలా ఉండాలి? తీయలేదు.

షాపుకి తీసుకెళ్ళి పెడితే అక్కడ ఫ్లాష్ కొట్టినా ఆవిడకేమీ కాదు. కానీ ఓనర్ ఊరుకోడు. రేపు తెచ్చెయ్యండి, కొత్త సెల్స్ వేసి పంపించేస్తా అన్నాడు. అందుకని బీరువాలో పెట్టాను, ఆవిడ బట్టల వెనక. నా వేలి మీద నాకే నమ్మకం లేదు కాబట్టి రేపు ఏడింటిదాకా షాపులోనే ఉంటాను. అమ్మాయి బస్సు ఎనిమిదికి.

టేపు జిగురు ఫ్లాష్ అద్దానికి అంటుకుంటుందని పీకేశాను. అలవాటు. వస్తువు పాడవకూడదు.


జూన్ 24, మంగళవారం, సాయంత్రం 6:40, షాపు

ఆరు దాటింది. ఆరున్నర దాటింది. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఓనర్ ఏమిటి డాక్టర్ గారూ ఇవాళ ఇంటికి పోరా, ఎవరైనా తరిమేశారా అన్నాడు. నవ్వాను. నేను నవ్వడం చూసి ఆయనకే ఆశ్చర్యం వేసింది.

ఎవరూ నొక్కలేదు. ఒళ్ళు తేలిగ్గా ఉంది. దారిలో భోజనం కట్టించుకుని వెళ్తాను. ముగ్గురికి.


జూన్ 24, రాత్రి 8:15

అమ్మాయి ముందు బస్సుకే వచ్చేసిందట. దాని దగ్గర తాళం చెవి ఉంది. నేను మర్చిపోయాను, ఉందని. కన్నకూతురి దగ్గర ఇంటి తాళం ఉంటుందని మర్చిపోయిన తండ్రి.

తలుపు తీయగానే నన్ను పట్టుకుని ఏడ్చింది. సంతోషంతో. టేబుల్ మీద ప్రింటు చూసిందట. కార్డు బాగైందన్నమాట, చెప్పలేదేం నాన్నా అంది. అమ్మ నవ్వు చూడు, ఎవర్ని చూసి అలా నవ్వుతోంది, నిన్నేనా అంది. నన్నే అన్నాను.

అప్పుడు చెప్పింది. అమ్మ శాలువా కోసం బీరువా తెరిస్తే బట్టల వెనక పాత కెమెరా దొరికిందట. ఫోటోలో ఉన్న చోటునే, కిటికీ కింద, ఇప్పుడెలా ఉందో ఒకటి తీసి రెండూ పక్కపక్కన పెట్టుకుందామనిపించిందట. తలుపు దగ్గర నిలబడి తీసిందట. ఒక్కటే నాన్నా, ఫ్లాష్ ఎంత గట్టిగా కొట్టిందో, కొట్టగానే ఆఫ్ అయిపోయింది, ఏం వచ్చిందో చూడను కూడా లేదు, పాడుచేశానా అంది.

ఎన్నింటికి అని అడిగాను. ఆరు దాటి పదో పన్నెండో నిమిషాలు అంది.

లేదమ్మా, సెల్స్ అయిపోయాయి అంతే అన్నాను. గొంతు బాగానే వచ్చింది. మూడు భోజనాలు చూసి మూడోది ఎవరికి అంది. నీకు ఆకలిగా ఉంటుందని రెండు తెచ్చా అన్నాను.

అది స్నానానికి వెళ్ళినప్పుడు కార్డు తీసి కంప్యూటర్లో పెట్టి చూశాను. ఫోటో స్పష్టంగా ఉంది. ఫ్లాష్ పడింది కదా, ఇసక కూడా లేదు. దుప్పటి మడతలు, శాలువా అంచు దారాలు, అన్నీ కనిపిస్తున్నాయి. ఒక కాలు కిందికి దించింది. చేతులు కళ్ళ దాకా ఇంకా రాలేదు, దారిలో ఉన్నాయి. భయం కాదు ముఖంలో. ఎవరో తెలిసిన మనిషి కనిపిస్తే గబుక్కున లేచినట్టు ఉంది. కూతురు కనిపించిందేమో. కూతురి కోసమే లేచిందేమో.

కార్డు ఫార్మాట్ చేశాను. అన్నీ చెరిపేయమంటారా అని అడిగింది. ఈసారి చదివి నొక్కాను.


జూన్ 25, బుధవారం

అమ్మాయి ఇంకా నిద్ర లేవలేదు. నిరుటి డైరీలోంచి జూన్ 24 పేజీ చింపేశాను. నా తర్వాత ఇవి దాని చేతికే వెళ్తాయి. ఈ డైరీ కూడా ఇవాళ్టితో సరి, షాపు పక్క టీ కొట్టు పొయ్యిలో పడేస్తాను.

రిపోర్టులో మిగిలిన గడులు నింపాను. ఎవరికి పనికొస్తుంది: ఎవరికీ కాదు. గ్రేడ్: అమ్మకూడదు, విప్పేయాలి.

కారణం: ఫ్లాష్ బాగా పనిచేస్తోంది.